తోడు మనిషికీ కూలి కట్టాలి
(అనంతపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాలు కూలి గురించి ఎన్నో పోరాటాలు చేశాయి. మగవాళ్లతో సమానంగా కూలి అడిగాం, కొలతల్లో మోసం గురించి అడిగాం. ఈ రోజు నేను ఏ కూలి లెక్కలోకీ రాని ఇద్దరి గురించి మాట్లాడతాను. ఒకరు మేధో వైకల్యంతో పుట్టి పెద్దవారైన మనిషి. రెండోవారు ఆ మనిషిని చూసుకునే తల్లి.

ఊళ్లో వీళ్లను మొద్దు అంటారు, పిచ్చి అంటారు. ఇది పిచ్చి కాదు. వీళ్లు నెమ్మదిగా నేర్చుకుంటారు, ఎక్కువసార్లు చూపిస్తే నేర్చుకుంటారు. చిన్నప్పుడు కొందరికైనా ప్రత్యేక పాఠశాల దొరుకుతుంది. మన జిల్లాలో ఆర్.డి.టి. లాంటి సంస్థలు అలాంటి బడులు నడిపాయి. పద్దెనిమిదేళ్లు నిండాక ఏముంది? ఇల్లు, అరుగు, అమ్మ. వాన రాక శెనక్కాయ పంట పోయిన ఏడాది ఊరు ఊరంతా బెంగళూరు వైపు కదిలితే, ఆ బిడ్డ కోసం తల్లి ఆగిపోతుంది. ఆ ఇంట్లో పోయేది ఒకరి కూలి కాదు, ఇద్దరిది.

వీళ్లకు పని చేతనవుతుందా అని మీరు అడగవచ్చు. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే ఆయన, ఏమీ నేర్చుకోలేరని అందరూ తేల్చేసిన వాళ్లకు సైకిలు బ్రేకు బిగించడం నేర్పాడు. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్కటే చేయించాడు. నేర్చుకోలేదంటే నేర్పే పద్ధతి మార్చాలన్నాడు. అంతవరకు ఉన్న పద్ధతి ఏమిటంటే, ముందు శిక్షణ, మనిషి సిద్ధమయ్యాక పని. చాలామందికి ఆ సిద్ధమయ్యే రోజే రాలేదు. 1980లలో దీన్ని తిరగేశారు. ముందే నిజమైన పనిలో పెట్టాలి, నిజమైన కూలి ఇవ్వాలి, అక్కడే నేర్పాలి, నేర్పడానికి పక్కన ఒక తోడు మనిషి ఉండాలి. మనిషికి పని పట్టుబడిన కొద్దీ తోడు తగ్గుతుంది, అవసరమైతే మళ్లీ వస్తుంది. 1986 నాటికి అక్కడి చట్టంలో ఇందుకు నిధులు కూడా కేటాయించారు.

ఇది మనకు తెలియని పని కాదు. విత్తనానికి శెనక్కాయలు ఒలవడం చూడండి. కాయ నొక్కాలి, గింజ చిట్లకూడదు, పొట్టు వేరు చేయాలి, ముడత గింజ ఏరేయాలి. మనకది ఒకే పని, నేర్చుకునేవారికి నాలుగు పనులు. ముందు ఏరడం ఒక్కటే నేర్పాలి. అది కుదిరాక ఒలవడం. ధర్మవరం మగ్గాల దగ్గర కండెలు చుట్టడమైనా ఇంతే. ఇలా నేర్పుతున్న తల్లులు మన ఊళ్లలో ఉన్నారు. ఆ శ్రమకు పేరు లేదు, కూలి లేదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. మన రాష్ట్రంలో ఆ పథకం కింద వికలాంగులకు వేరే శ్రమశక్తి సంఘాలు ఏర్పాటు చేసి, 30 శాతం తక్కువ పనికి అంతే కూలి ఇచ్చారు. ఇది గొప్ప విషయం. అయితే కొలత తగ్గిస్తే కాలు లేని మనిషికి సరిపోతుంది. మేధో వైకల్యమున్న మనిషికి ఎక్కడ తవ్వాలో, ఎప్పుడు ఆపాలో పక్కనుండి చెప్పేవారు కావాలి. ఆ మనిషికి కూలి ఎవరూ రాయలేదు.

అదే చట్టంలో ఇంకో మాట ఉండేది. పని దగ్గరికి తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. అంటే చూసుకోవడం కూడా పనేనని చట్టం ఒప్పుకుంది. పసిపిల్లల విషయంలో ఒప్పుకున్నది పెద్దవాళ్ల విషయంలో ఎందుకు ఒప్పుకోకూడదు?

తోడుకు ఖర్చెందుకు అనుకుంటే ఏమవుతుందో మహారాష్ట్రలో చూశాం. 1994లో శిరూర్‌లోని ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న మేధో వైకల్య యువతులకు, బహిష్టు శుభ్రత చూడడం కష్టమని చెప్పి గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ఇది మన ఉద్యమం పట్టించుకోవలసిన విషయమని అప్పుడే తేలింది. ఆడపిల్లను పనికి పంపాలంటే భయమనే తల్లి మాట కూడా నిజమే. ఆ భయానికి మందు ఇంట్లో పెట్టి తలుపు వేయడం కాదు, నమ్మకమైన తోడు.

చట్టం మన వైపు కొంత నడిచింది. 1995 చట్టం ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతంలో వీళ్లకు చోటు లేదు. 2016 చట్టం 4 శాతం చేసి, అందులో ఒక శాతంలో వీళ్లనూ చేర్చింది. పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం ఇవ్వాలని, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఉండాలని 37వ సెక్షను చెబుతుంది. ఇక 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఏడాదికి 125 రోజుల పని అంటోంది, రాష్ట్రాలు తమ పథకం రాసుకోవాలంటోంది. బండ్లపల్లి నుంచి ఇరవై ఏళ్లలో సాధించుకున్నది ఆ రాతలో జారిపోకూడదు.

అందుకని మనం గ్రామసభల్లో నాలుగు మాటలు అడుగుదాం. తక్కువ కొలతకు పూర్తి కూలి కొనసాగాలి. మేధో వైకల్యమున్న కూలీలు ఉన్నచోట తోడు మనిషిని పెట్టి, మస్టరులో ఆమె పేరు రాసి కూలి ఇవ్వాలి. తల్లే తోడైతే తల్లికే ఇవ్వాలి. పనిచేసిన మనిషి కూలి ఆ మనిషి ఖాతాలోనే పడాలి. పింఛను వస్తోంది కదా, పని ఎందుకు అనే మాట ఎవరూ అనకూడదు. 2024లో పింఛను 6,000 రూపాయలైంది, సంతోషం. అది బతకడానికి. పని నలుగురిలో ఒకరుగా ఉండడానికి.

మీ ఊళ్లో ఇలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో ఇంటింటికీ వెళ్లి రాసుకోండి. ఏం చేయగలరని కాదు, ఏ పని ఇష్టమని వాళ్లనే అడగండి. తల్లి పేరు కూడా ఆ పక్కనే రాయండి. వచ్చే గ్రామసభకు ఆ జాబితాతో పోదాం.