ఇచ్చిన మాటకు లెక్క అడిగేదెవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మాకు అప్పగించిన విషయం కృత్రిమ మేధ. విషయం చూస్తే పెద్దది, మాకిచ్చిన వేళ చిన్నది. ఆ యంత్రం ఏమేమి చేయగలదో మాకంటే మన కాలేజీ పిల్లలే బాగా చెబుతారు. వాళ్ల ఫోనుల్లో చాట్ జీపీటీ వుండనే వున్నది. 2025 నవంబరు 4 నుంచి మన దేశంలో దాని ‘గో’ పథకంలో చేరినవారికి ఏడాదిపాటు ఉచితమని కూడా ప్రకటించారు. అందుచేత మేము యంత్రం జోలికి పోము. దాన్ని తయారుచేసిన ఓపెన్ ఏఐ అనే సంస్థ లోకానికి ఒక మాట ఇచ్చింది. ఆ మాట ఏమయింది, ఏమయిందని అడిగే హక్కు ఎవరికి వున్నది అనే రెండు సంగతులు మాత్రం మనవి చేస్తాము.

ఈ సంస్థ 2015 డిసెంబరులో అమెరికాలో మొదలయింది. రిజిస్ట్రేషను డెలవేర్ రాష్ట్రంలో, ఆఫీసు కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో. పుట్టినప్పుడు అది కంపెనీ కాదు, లాభాపేక్ష లేని ధర్మసంస్థ. మానవజాతి యావత్తుకూ మేలు కలిగేలా ఈ మేధను అభివృద్ధి చేస్తాము, ఎవరికో లాభం చూపించవలసిన నిర్బంధం మాకు లేదు అని చెప్పుకున్నారు. 100 కోట్ల డాలర్లు ఇస్తామని దాతలు వాగ్దానం చేశారు. ఆ పేరు చూసి ఎక్కువ జీతాలు వదులుకుని వచ్చిన శాస్త్రజ్ఞులూ వున్నారు.

మన వైపు ఆస్తిని వక్ఫు చేసిన మనిషి అది ఏ పనికోసమో వక్ఫ్‌నామాలో రాయిస్తాడు. ముతవల్లీ దాన్ని చూసుకునేవాడేగాని సొంతదారు కాడు. కాలిఫోర్నియా చట్టంలో ధర్మసంస్థ ఆస్తి సంగతి కూడా దాదాపు ఇంతే. ఒకసారి ప్రజల మేలుకని రాసిచ్చినది తరువాత నడిపేవారి ఇష్టప్రకారం మరో పనికి పోకూడదు.

మరి ఏమయింది? ఈ యంత్రాలకు కంప్యూటర్లు, కరెంటు కావాలి. వాటికి చందాలు చాలలేదు. 2019లో ధర్మసంస్థ కిందనే లాభం చేసుకునే శాఖ ఒకటి పెట్టారు. లాభానికి హద్దు పెట్టామన్నారు. మొదట పెట్టుబడి పెట్టినవారికి హద్దు ఎంతంటే పెట్టినదానికి 100 రెట్లు. మా బోటివాళ్లకు అందులో హద్దు ఎక్కడుందో కనిపించదు! అయినా హద్దు దాటిన సొమ్ము ధర్మసంస్థకే చెందాలన్న నియమం ఒకటి వున్నది, దాన్ని గుర్తుపెట్టుకోండి. అదే ఏడు జులైలో మైక్రోసాఫ్ట్ వారు 100 కోట్ల డాలర్లు పెట్టారు.

పైన ధర్మసంస్థ బోర్డు వున్నది కదా, అది అదుపులో పెడుతుంది కదా అనుకున్నవారికి 2023 నవంబరులో జవాబు దొరికింది. ఆ నెల 17వ తేదీన బోర్డువారు ముఖ్య కార్యనిర్వహణాధికారి శామ్ ఆల్ట్‌మన్‌ను తొలగించారు. అయిదు రోజులు తిరగకుండానే ఆయన మళ్లీ వచ్చాడు, తొలగించిన బోర్డులో ఎక్కువమంది బయటికి పోయారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది మా విషయం కాదు. కాగితం మీద సర్వాధికారాలూ వున్న బోర్డు మాట, పెట్టుబడిదారులూ ఉద్యోగులూ ఒకవైపు నిలబడేసరికి వారంరోజులు కూడా నిలవలేదన్నదే మేము చూడవలసినది.

ఇంకొకటి. 2023 జులైలో, మా కంప్యూటరు శక్తిలో 20 శాతం భద్రతా పరిశోధనకు కేటాయిస్తామని బహిరంగంగా ప్రకటించారు. పది నెలలు గడిచేసరికి, 2024 మే నెలలో, ఆ పని చూసే ఇద్దరు పెద్దలూ వెళ్లిపోయారు, ఆ విభాగమే మూతపడింది. భద్రత వెనక్కి పోయి, మెరిసే సరుకులు ముందుకు వచ్చాయని ఆ ఇద్దరిలో ఒకరైన యాన్ లైకి బహిరంగంగానే అన్నాడు. సంస్థను విమర్శించబోమని సంతకం పెట్టకపోతే, వెళ్లిపోయే ఉద్యోగి అప్పటికే సంపాదించుకున్న వాటాలు కూడా పోతాయని ఒప్పందాల్లో రాసివున్న సంగతి ఆ నెలలోనే బయటపడింది. గొడవ అయ్యాక ఆ షరతు తీసేశారు.

ఇక 2024 డిసెంబరులో అసలు ప్రతిపాదన వచ్చింది. లాభశాఖను ప్రజాప్రయోజన కార్పొరేషను అనే కొత్తరకం కంపెనీగా మారుస్తాము, ధర్మసంస్థకు దానిమీద పెత్తనం వుండదు, వాటాలు మాత్రం వుంటాయి అన్నారు.

ఇక్కడే మన సంఘంవంటి సంఘాలు శ్రద్ధగా వినవలసిన భాగం వున్నది. ధర్మసంస్థ మాట తప్పిందని దారినపోయే మనిషి కోర్టుకు పోతే మామూలుగా వినరు. ప్రజల తరఫున అడిగే అధికారం అక్కడ రాష్ట్ర అటార్నీ జనరల్‌ది. మన రాష్ట్రాల్లో అడ్వొకేట్ జనరల్‌ను ప్రభుత్వ సలహాపై గవర్నరు నియమిస్తారు, కాలిఫోర్నియాలోనూ డెలవేర్‌లోనూ అటార్నీ జనరల్‌ను ప్రజలే ఓట్లేసి ఎన్నుకుంటారు. కాని అధికారం వున్నవారు తమంతట తాము కదులుతారా? 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో యాభైకి పైగా సంఘాలు కలిసి అర్జీ పెట్టాయి. వాటిలో దాతృత్వ నిధులు, కార్మిక సంఘాలు వున్నాయి. కంప్యూటరు పండితులు కారు వాళ్లు. ధర్మసంస్థ ఆస్తి విలువ కట్టండి, అది పరుల పాలు కాకుండా చూడండి అని అడిగారు, అంతే.

కాలిఫోర్నియాకు ఇది కొత్త కాదు. బ్లూ క్రాస్ అనే లాభాపేక్ష లేని ఆరోగ్య బీమా సంస్థ 1990 దశకంలో లాభసంస్థగా మారబోయినప్పుడు వినియోగదారుల సంఘాలు ఇదే ప్రశ్న వేశాయి. ఇన్నేళ్లు పన్ను మినహాయింపు తీసుకుని పెంచిన ఆస్తి ఎవరిదని అడిగాయి. చివరకు 1996లో 300 కోట్ల డాలర్లకు పైగా సొమ్ముతో రెండు ఆరోగ్య ధర్మనిధులు ఏర్పడ్డాయి. ఆ రెండూ నేటికీ పనిచేస్తున్నాయి.

ఈసారి ఫలితం సగం సగం. ధర్మసంస్థ పెత్తనం వుంటుందని 2025 మే 5న ఓపెన్ ఏఐ వారు వెనక్కి తగ్గారు. అక్టోబరు 28న కొత్త ఏర్పాటు పూర్తయింది. కంపెనీ బోర్డును నియమించే అధికారం ధర్మసంస్థది. భద్రతా సంఘం ధర్మసంస్థ కిందే వుంటుంది, ప్రమాదమనుకుంటే కొత్త యంత్రం విడుదలను ఆపించగలదు. భద్రత విషయంలో డైరెక్టర్లు వాటాదారుల లాభం చూడకుండా ఆశయాన్నే చూడాలి. ఈ షరతులను డెలవేర్ అటార్నీ జనరల్ కేథీ జెన్నింగ్స్, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ రాబ్ బొంటా రాతపూర్వకంగా పెట్టించారు. సంతోషమే.

కాని ఆ నాటి లెక్కలో ధర్మసంస్థకు దక్కిన వాటా సుమారు 26 శాతం, మైక్రోసాఫ్ట్‌కు సుమారు 27. గుర్తుపెట్టుకోమన్న ఆ లాభాల హద్దు మాయమయింది, దానితోపాటు హద్దు దాటిన సొమ్ము ధర్మానికన్న నియమమూ పోయింది. పైగా రెండు బోర్డుల్లోనూ ఇంచుమించు అవే పేర్లు. కాపలా కాయవలసినవాడూ, కాపలాలో వుండవలసినవాడూ ఒకడే అయితే ఏమి చెప్పాలి!

అమెరికాలో ధర్మసంస్థలు ఏటా పన్నుశాఖకు ఫారం 990 అని ఒక కాగితం ఇస్తాయి. అది ఎవరైనా చూడవచ్చు. ఓపెన్ ఏఐ వారు అందులో తమ ఆశయం రాసేటప్పుడు మానవాళికి ‘భద్రంగా’ మేలు చేసే మేధ అనీ, లాభార్జన నిర్బంధం లేకుండా అనీ రాసేవారు. 2024 సంవత్సరానికి ఇచ్చిన ఫారంలో ఈ రెండు మాటలూ లేవు. మేళం పెట్టి ఎవరూ ప్రకటించలేదు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని చూసినవారికే తెలిసింది.

ఒక్క సంస్థనే అంటున్నామనుకోవద్దు. ఆయుధాలకు కృత్రిమ మేధను వాడబోమని గూగుల్ వారు 2018 జూన్‌లో తమ సూత్రాల్లో రాసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ వాక్యం తీసేశారు. అది వారు స్వయంగా రాసుకున్న సూత్రం, వెనుక ఏ చట్టమూ లేదు, కాబట్టి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. ఓపెన్ ఏఐ విషయంలో ఇద్దరు అటార్నీ జనరల్‌లు నెలల తరబడి కూర్చోబెట్టి మాట్లాడగలిగారంటే, ఆ మొదటి మాట ధర్మసంస్థగా రిజిస్టరయివుండటమే కారణం. 2025 సెప్టెంబరు 29న కాలిఫోర్నియా గవర్నరు సంతకం చేసిన ఎస్.బి. 53 చట్టం ఇంకొక అడుగు వేసింది. పెద్ద కంపెనీలు తమ భద్రతా నియమాలను రాసి ప్రచురించాలి, రాసినదాన్ని పాటించాలి. తప్పితే ఒక్కొక్క ఉల్లంఘనకు 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ కంపెనీల రాబడికి ఇది చిల్లరే అనేవారున్నారు, మేమూ కాదనము. తప్పు రాసినదానికి విరుద్ధంగా నడిచారని రికార్డు కావడం మాత్రం చిల్లర విషయం కాదని మా అభిప్రాయం.

ఆ చట్టాలు మన దగ్గర చెల్లవు. ఓపెన్ ఏఐ బోర్డుకు మనం ఉత్తరం రాస్తే చదివేవారూ వుండరు. మన చేతిలో వున్నది మన గుమ్మం. రేపు ఎవరైనా వచ్చి, సంఘం నడిపే ట్యూషను సెంటరులో పిల్లలకు ఉచితంగా కృత్రిమ మేధ నేర్పిస్తాము, లెక్కలు దిద్దే యాప్ పెడతాము అంటే వద్దనే ఉద్దేశ్యం మాకు లేదు. ఉచితం ఎన్నాళ్లు, పిల్లలు రాసినది ఎక్కడ దాస్తారు, తేడా వస్తే ఫిర్యాదు వినే మనిషి పేరేమిటి అని అడగాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనే వున్నది. జవాబులు నోటిమాటగా వద్దు, సంతకంతో కాగితం మీద కావాలి. ఆ కాగితం నకలు ఒకటి కార్యదర్శిగారి ఫైలులో, ఒకటి సెంటరు గోడమీద వుండాలని, ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులతోపాటు దాన్నీ చదివి వినిపించాలని ఈ సభలో తీర్మానం ప్రతిపాదిస్తున్నాము. బలపరచవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.