వెనుక చక్రముల సంరక్షణ



2001లో గనులు మూతపడినను, సయనైడు దిబ్బల ధూళి మనలను వీడలేదు. వేసవిగాలికి లేచిన ఆ ధూళి మన కార్ల వెనుక మడ్‌గార్డుల లోపలి అంచులలో పేరుకొని, వానకాలమున తడిని పట్టియుంచి, రేకును లోలోపల తినివేయును. కావున నెలకొకమారు ఆ అంచులను నీటితో కడిగి, ఆరనిచ్చి, తుప్పున్నచోట గీకించి రంగు వేయించవలెను.

బ్రేకు షూలు డ్రమ్ము లోపల నుండుటచే వాని అరుగుదలయు కంటికి కనబడదు. డ్రమ్మును విప్పించినపుడు వీల్ సిలిండరు చెమ్మగిల్లినదేమో కూడ చూడవలెను. లోపలి పొడిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువవలెను.

ముళబాగిలు, పలమనేరు మీదుగా తిరుపతికి పోవు మనము పిల్లలతో మొగిలి ఘాటు దిగవలసియున్నది. అచ్చట స్వామిని తలచుకొనుటకు ముందు, ఇచ్చటనే మెకానిక్కునకు బండిని చూపుదము.