తిరిగి రాని పిడి



మోటారుసైకిలు కుడిచేతి పిడిని కొందరు ఏక్సిలరేటరనియు, మరమ్మతు దుకాణములలో రేసనియు పిలుతురు. దానిని మనవైపునకు త్రిప్పిన ఇంజను వేగము హెచ్చును. విడిచినంతనే అది తనంతట తాను మరలిపోయి వేగము తగ్గును. ఈ రెండు ధర్మములలో మొదటిది లోపించినచో బండి కదలదు. అంతకు మించిన నష్టము లేదు. రెండవది లోపించినచో బండి ఆగదు. సంతవీధిలో మలుపు తిరుగునపుడు, వెనుక భార్యయు ముందు పసిబిడ్డయు కూర్చుండియుండగా, విడిచిన పిడి విడిచినచోటనే నిలిచిపోయినచో ఏమగునో మీరే ఊహింపుడు. ఆ కారణముచేతనే ఇంత చిన్న విషయమును నేటి ప్రసంగమునకు గైకొంటిని.

వ్యాకరణతర్కములు చెప్పుకొని బ్రదికిన ముసలి పంతులుకు యంత్రములతో నేమి పని యని కొందరడుగవచ్చును. దోషమును కనుగొను మార్గము శాస్త్రమునందును యంత్రమునందును ఒక్కటియే. ఏది యున్నపుడు దోష ముండునో, ఏది తొలగినపుడు దోషమును తొలగునో, అదియే కారణము. దీనినే తార్కికులు అన్వయవ్యతిరేకము లందురు. ఈ విచారణ లేకయే మనవారు పిడి పట్టివేసినదనగానే కొత్త తీగ కొనుటకు పరుగెత్తుదురు. నా పూర్వశిష్యుడొకడు ఇట్లే రెండుమారులు తీగ మార్పించెను. దోషము మాత్రము పోలేదు. తుదకు పరిశీలింపగా, పిడికి తొడిగిన రబ్బరు ప్రక్కకు జరిగి, హ్యాండిలు కొననున్న బరువునకు ఒరసికొనుచుండెను. రబ్బరును గోరుమందము లోనికి జరిపినంతనే పిడి స్వేచ్ఛగా తిరిగినది.

పిడి మొదలు ఇంజను వరకు గల మార్గమును మొదట తెలిసికొందము. పిడి త్రిప్పగా ఉక్కుపోగుల తీగ యొకటి తన గొట్టములో జారుచు కార్బురేటరులోని స్లైడు అను ముషలమును పైకి లాగును. గాలిదారి తెరచుకొనును, గాలియు పెట్రోలును ఎక్కువగా లోనికి పోవును. పిడి విడువగా, ముషలముపై నున్న స్ప్రింగు దానిని క్రిందికి నెట్టును; దానితో తీగయు పిడియు వెనుకకు వచ్చును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చుటచే, కొత్త బండ్లలో పెక్కింట కార్బురేటరు పోయి ఇంధనమును చిమ్ము యంత్రము వచ్చినది. అట్టివానిలో ముషలమునకు బదులు చుట్టుతిరుగు రేకుతలుపు ఉండును. అయినను చాల బండ్లలో తీగయు స్ప్రింగును ఇంకను ఉన్నవి గనుక విచారణ మారదు.

మొదటి పరీక్షకు ఇంజను ఆపి, బండిని స్టాండుపై నిలుపవలెను. హ్యాండిలును తిన్నగా నుంచి పిడిని పూర్తిగా త్రిప్పి విడువుడు. టక్కున మరలవలెను. ఆ మీదట హ్యాండిలును ఎడమకొనకును కుడికొనకును త్రిప్పి అట్లే చేయుడు. తిన్నగా నున్నపుడు మరలి, ప్రక్కకు త్రిప్పినపుడు పట్టివేసినచో, తీగ పోవు దారి తప్పినదని తెలియవలెను. అది ఎచ్చటనో మడతపడియో, బిగిసియో యుండును. అటుపిమ్మట బయలులో గేరు వేయక ఇంజను నడపి, పిడి ముట్టక హ్యాండిలును ఇటునటు త్రిప్పుడు. ధ్వని హెచ్చినచో తీగకు చాలినంత వదులు లేదన్నమాట. సాధారణముగా పిడివద్ద 2 మొదలు 6 మిల్లీమీటర్ల వదులుండవలెను. మీ బండి పుస్తకమున చెప్పిన కొలత ప్రమాణము.

రెండవ పరీక్ష ముఖ్యమైనది. కార్బురేటరు వద్ద తీగను విడదీసి పిడిని కదపుడు. అప్పుడును బిగువుగా నున్నచో దోషము పిడియందో తీగయందో కలదు. పిడిలోని తీగకొనను గూడ విడదీసినచో ఆ రెంటిలో ఏది దోషియో తేలిపోవును. పిడి బిగిసినచో లోని దుమ్మును, తుప్పును తుడిచి, రబ్బరు ఒరపిడి చూడుడు. తీగ బిగిసినచో దాని రెండు కొనలను వెలుతురులో పరీక్షింపుడు. సముద్రతీరపు ఉప్పుగాలి తగులు విశాఖపట్టణము, కాకినాడ వంటి చోట్ల తీగకు తుప్పు త్వరగా పట్టును. పోగులలో ఒక్కటి తెగి ముల్లువలె లేచినను ఆ తీగ పనికిరాదు; ఆ ముల్లే గొట్టములో గుచ్చుకొని తీగను పట్టివేయును. దానిని కత్తిరించియో, అతుకువేసియో వాడుట ప్రాణముతో చెలగాటము. పోగులు చెడక ఎండియున్నచో, పుస్తకము అనుమతించిన నూనెను మాత్రమే వేయవలెను. చిక్కని గ్రీజు దుమ్మును చేర్చుకొని, మందే రోగమగును.

పిడియు తీగయు నిర్దోషములైనచో దోషము క్రిందనున్నది. ఇంజను చల్లారిన పిదప, పెట్రోలు కుళాయి కట్టి, నిప్పునకు దూరముగా కార్బురేటరు మూత విప్పి ముషలమును వెలికి తీయవలెను. దానిపై జిగురో, ఇసుకయో, గీతలో యున్నవేమో చూడవలెను. స్ప్రింగు విరిగినచో కొత్తది వేయవలెను. పాతదానిని సాగదీసి బలము తెప్పింపరాదు. తిరిగి పెట్టునపుడు ముషలపు గాడి లోపలి చీలకు సరిపడవలెను. దాని కోసిన అంచు గాలివడపోత వైపున నుండవలెను. తిరుగవేసి పెట్టినచో అది మూసికొనకపోవచ్చును. పాత ఆంగ్లేయ బండ్లు గలవారు ఇంకొకటి గమనింపవలెను. 1927లో మూడు సంస్థల కలయికచే ఇంగ్లండునందు ఏర్పడిన ఏమల్ వారి కార్బురేటరులు వానిలో విశేషముగా కానవచ్చును. ఇంజనునకు పట్టియుంచు బోల్టులను మితిమీరి బిగించినచో వాని దేహము వంగి ముషలమును నొక్కివేయును. బలము హెచ్చుటయు దోషమే.

పిడి చక్కగా మరలియు ఇంజను మాత్రము అరచుచునే యున్నచో అది వేరొక వ్యాధి. చౌకు మూయక మరచిరేమో, కార్బురేటరునకును ఇంజనునకును నడుమ నున్న రబ్బరు చీలి గాలి చొరబడుచున్నదేమో, ఖాళీవేగపు మర ఎక్కువ బిగిసినదేమో చూడవలెను. అప్పుడు తీగపై నింద మోపరాదు.

ఇంక దారిలోనే పిడి పట్టివేసినచో ఏమి చేయవలెను? క్లచ్చును పూర్తిగా నొక్కుడు. చక్రమునకు ఇంజను బలము తెగిపోవును. ఇంజను ఘోషించినను బెదరవలదు. కుడిచేతివద్ద ఎఱ్ఱ మీట యున్నచో దానితో ఇంజను ఆపుడు. లేనిచో తాళపుచెవిని ఆపు స్థానమునకు మాత్రమే త్రిప్పుడు. హ్యాండిలు బిగిసిపోవు స్థానమునకు పోనీయరాదు. రెండు బ్రేకులను సమముగా వేయుచు ప్రక్కకు చేరుడు. క్లచ్చు మీట లేని స్కూటరుపై నున్నవారు వెంటనే ఇంజను ఆపి బ్రేకులు వేయవలెను. ఈ క్రమమును బండి నిలిచియుండగా చేతులకు అలవాటు చేసికొనుడు. ఆపదలో ఆలోచనకు వ్యవధి యుండదు.

దోషము తెలియువరకు ఆ బండి నెక్కరాదు. చేతితో వెనుకకు నెట్టినచో వచ్చుచున్నదిగదా యని సరిపెట్టుకొనువారు చాలమంది. నెట్టిన వచ్చునది మరలుట కాదు. ప్రతిదినము ఉదయమున బండి తీయుటకు ముందు పిడిని ఒక్కమారు త్రిప్పి విడిచి, ఆ టక్కను చప్పుడు విని బయలుదేరుడు. అందుకు పట్టునది ఒక్క నిమేషము.