రాజధాని దాటి బస్తర్ దాకా

(రాయపూర్‌కు కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు నిమిత్తమో, కొలువు నిమిత్తమో మీరు ఈ నగరానికి వచ్చి కొద్ది మాసాలే అయింది. నేను వచ్చి పదకొండు సంవత్సరాలు గడిచాయి. హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. ఈ రాష్ట్రాన్ని ఎలా చూడాలో నాలుగు మాటలు చెప్పవలసిందని నిర్వాహకులు నన్ను కోరారు. రాయపూర్‌లో చూడదగిన వాటిని గురించి మీకు ఎవరైనా చెప్పగలరు. బూఢా తాలాబ్ గట్టు మీద ఒక సాయంకాలం, మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఒక మధ్యాహ్నం గడిపితే ఆ పని చాలావరకు ముగుస్తుంది. నేను మాత్రం ఇక్కడికి దక్షిణంగా మూడు వందల కిలోమీటర్ల దూరాన జగదల్‌పూర్ కేంద్రంగా ఉన్న బస్తర్‌ను గురించే మాట్లాడదలచాను. మనలో అనేకులు ఏళ్ల తరబడి ఈ నగరంలో ఉండి కూడా అటు వెళ్ళరు. వెళ్ళినవారు జలపాతం ముందు నిలబడి ఫోటో తీయించుకొని మర్నాటికి తిరిగి వస్తారు. మనవంటి తెలుగువారు బస్తర్‌ను చూడవలసిన పద్ధతి అది కాదని నా అభిప్రాయం.

నేడు బస్తర్ అనేది ఒక జిల్లా పేరు. జనవ్యవహారంలో మాత్రం ఆ మాటకు విస్తృతమైన అర్థం ఉంది. 1948లో బస్తర్, కాంకేర్ సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమైన పిమ్మట ఏర్పడిన పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అంటే కేరళ రాష్ట్రం కంటే ఒకింత పెద్దది. ఆ ఒక్క జిల్లాయే 1998 నుండి 2012 వరకు క్రమంగా విడిపోయి బస్తర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, నారాయణపూర్, కొండగావ్, సుక్మా అనే ఏడు జిల్లాలు అయింది. ఇంతటి ప్రదేశాన్ని శని, ఆదివారాలలో చూసివస్తాననడం సముద్రాన్ని చెంబుతో కొలవడం వంటిదే. కనుక కనీసం ఐదు రోజుల సెలవు దొరికితేనే బయలుదేరండి.

రాత్రి బస్సు ఎక్కి నిద్రపోయి జగదల్‌పూర్‌లో దిగేవారు ఎక్కువ. దయచేసి పగటి బస్సులో వెళ్ళండి. ధమ్తరి, కాంకేర్ దాటాక కేశకాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపుల ఎత్తు అది. మధ్యలో తేలిన్ మాత గుడి ఉంది. డ్రైవర్లు అక్కడ బండి ఆపి దండం పెట్టుకొని గాని ముందుకు సాగరు. ఆ ఘాట్ ఎక్కిన తరువాత నేల మారుతుంది, చెట్లు మారుతాయి, మాట కూడా మారుతుంది. దిగువన విన్న ఛత్తీస్‌గఢీ క్రమంగా వెనుకబడి హల్బీ వినిపించ నారంభిస్తుంది. హల్బీ ఆర్య భాషా కుటుంబానికి చెందినది. ఛత్తీస్‌గఢీ, మరాఠీ, ఒడియాల పోలికలు అందులో కలగలిసి ఉంటాయి. వేరు వేరు తెగల వారు సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకొనే ఉమ్మడి భాష అదే.

అయితే హల్బీ వెనుక మనకు మరింత దగ్గరి భాషలు ఉన్నాయి. గోండీ, ధుర్వా, దోర్లీ మూడూ ద్రావిడ భాషలే. ఒకటి నుండి అంకెలు లెక్కించమని ఒక గోండు బాలుణ్ణి అడగండి. ఉండీ, రండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్ అని చెబుతాడు. వ్యాకరణం చదవనక్కర లేకుండానే మీ చెవి వాటిని గుర్తుపడుతుంది. మనకు ఏరు అంటే పారే వాగు. వారికి అదే మాట నీటికి పేరు. దక్షిణాన సుక్మా, కోంటా ప్రాంతాలలోని దోర్ల ప్రజల మాటలో తెలుగు మరింత బాహాటంగా వినిపిస్తుంది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక విషయం మనవి చేస్తాను. బస్తర్‌ను గురించిన హిందీ కరపత్రాలు నాకు అనువాదానికి వస్తూ ఉంటాయి. అక్కడి ప్రజలను వర్ణించే చోట ‘భోలే భాలే’ అనే విశేషణం దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. తెలుగులో ‘అమాయకులు’ అనాలి. ఆ మాట రాయడానికి నా కలం ఎప్పుడూ వెనుకాడుతుంది. 1910లో అడవులను రిజర్వు చేసి, వెట్టి చేయించుకొని, భూమి శిస్తు పెంచిన పాలనపై ఊరూరా ఏకమై తిరగబడినవారు వీరు. ఆ తిరుగుబాటును భూమ్‌కాల్ అంటారు. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు దానితో ముడిపడి ఉంది. మామిడి కొమ్మలు, మట్టి బెడ్డ, మిరపకాయలు, బాణాలు ఒక ఊరి నుండి మరొక ఊరికి చేరుతూ కబురు మోశాయి. అచ్చు కాగితం లేకుండా అంత పెద్ద ప్రదేశాన్ని కూడగట్టిన జనాన్ని అమాయకులనడం న్యాయం కాదు.

బస్తర్‌ను చూడడానికి వచ్చి దీర్ఘకాలం నిలిచిపోయిన పరదేశులలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. 1927లో ఇంగ్లండు నుండి ఈ దేశానికి వచ్చి, 1954లో భారత పౌరసత్వం స్వీకరించాడు. 1940 దశకం ఆరంభంలో బస్తర్‌లో నివసించి, మురియాల ఘోటుల్‌ను గురించి 1947లో ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. ఘోటుల్ అంటే గ్రామంలోని అవివాహిత యువతీయువకుల సమష్టి నిలయం. పాట, ఆట, పనిపాటలు, పెద్దల పట్ల నడవడి అన్నీ అక్కడే అలవడేవి. ఎల్విన్ గ్రంథం శ్రద్ధతో, గౌరవంతో రాసినది. కాని దానిని చదవక కేవలం విన్నవారు తరువాతి కాలంలో వింత చూడడానికి కెమెరాలతో దిగారు. నేటికీ కొందరు యాత్రికులు ఊరిలో అడుగుపెడుతూనే ఘోటుల్ ఎక్కడని అడుగుతారు. మన ఇంటికి వచ్చిన అపరిచితుడు ఆడపిల్లల గది ఏదని అడిగితే మనం ఏం చేస్తామో, వారూ అదే చేయాలి. వారి మర్యాద కొద్దీ చేయరు.

మరొక ఉదంతం. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రూ అనే మురియా బాలుడు పులిపిల్లతో చెలిమి చేస్తూ ఒక స్వీడిష్ చిత్రంలో కనిపించాడు. దర్శకుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్. చిత్రం 1957లో విడుదలైంది. ప్రపంచం ఆ బాలుణ్ణి చూసి మురిసింది. అతడు స్వీడన్ కూడా వెళ్ళివచ్చాడు. ఆ తరువాత తన ఊరిలోనే పేదరికంలో జీవించి 2013లో మరణించాడు. లోకానికి అతని ముఖం తెలిసింది, అతని జీవితం తెలియలేదు. ఫోటో తీయాలనిపించినప్పుడు చెంద్రూను ఒకసారి తలచుకోండి. ముందు పలకరించి, అడిగి, వారు ఒప్పుకుంటే తీయండి. తీసిన ఫోటో పంపుతామని చెబితే తప్పక పంపండి.

పలకరించడం ఎలాగంటారా? ‘జోహార్’ అనండి. ఈ మాట మనకూ ఉంది. కాని మనం దానిని ఎక్కువగా మరణించినవారికి నివాళి అర్పించేటప్పుడు వాడుతున్నాం. బస్తర్‌లో అది ఉదయం నుండి రాత్రి వరకు బతికివున్నవారికి చెప్పుకొనే నమస్కారం. ఆ ఒక్క మాట తరువాత మగవారిని దాదా అనీ, ఆడవారిని దీదీ అనీ పిలిస్తే సగం దూరం తగ్గినట్లే.

ఇక చూడవలసినవి. జలపాతం కంటే ముందు సంతకు వెళ్ళండి. ఏ ఊరి సంత ఏ వారమో జగదల్‌పూర్‌లో బస దిగిన రోజే విచారించి, మిగిలిన ప్రయాణాన్ని దానికి అనుగుణంగా సర్దుకోండి. ఉదయం పది గంటలకు వెళితే అడవిదారుల వెంట వరుసగా దిగివచ్చే జనాన్ని చూడవచ్చు. అమ్మకానికి వచ్చే సరుకులు మీకు కొత్తవేమీ కావు. మహువా అంటే మన ఇప్పపువ్వు. తేందూ అంటే తునికాకు. మండియా పేజ్ మన చోళ్ళ అంబలి. సల్ఫీ అని పోసేది జీలుగ కల్లు. దోనా అంటే దొన్నె. ఎర్రచీమలను గుడ్లతో సహా నూరిన చాప్‌డా పచ్చడి మాత్రం మనలో చాలామందికి కొత్త. పులుపు, కారం కలిసిన రుచి అది. ఇష్టం లేకపోతే వద్దనండి గాని ముఖం చిట్లించకండి. ఒక మూల కోడిపందెం జరుగుతూ ఉంటుంది. గోదావరి జిల్లాలవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

సారపప్పును అక్కడ చిరోంజీ అంటారు. ఒకప్పుడు వర్తకులు ఆ పప్పు తీసుకొని దానికి సరితూకం ఉప్పు ఇచ్చేవారని పెద్దలు చెబుతారు. నేటి మిఠాయి దుకాణంలో సారపప్పు ధర ఎంతో, ఉప్పు ధర ఎంతో మీకు తెలుసు. అడవి ఉత్పత్తి కొనేటప్పుడు నాలుగు రూపాయల కోసం బేరమాడకూడదని నేను అనుకుంటాను.

కొండగావ్‌లో ఒక పూట ఆగండి. ఢోక్రా శిల్పాలు అక్కడ తయారవుతాయి. మట్టితో లోపలి ఆకారం చేసి, దాని మీద మైనపు తీగలు చుట్టి, మళ్ళీ మట్టి పూత పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి అచ్చు పగులగొట్టి గాని బొమ్మను బయటికి తీయలేరు కనుక, ఒక్కొక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. మొహెంజొదారో నర్తకి ప్రతిమ కూడా ఈ మైనపు పద్ధతిలోనే తయారైంది. రాయపూర్ దుకాణాలలో కాక, పని చేసే చేతి నుండే కొనండి.

చిత్రకోట్ జలపాతం జగదల్‌పూర్‌కు దాదాపు నలభై కిలోమీటర్లు. ఇంద్రావతి నది అక్కడ సుమారు ముప్పై మీటర్ల ఎత్తు నుండి గుర్రపు లాడం ఆకారంలో దూకుతుంది. ‘భారతదేశపు నయాగరా’ అని కరపత్రాలలో వేస్తారు. మన నదికి అమెరికా పేరు ఎందుకో నాకు అర్థం కాదు. వర్షాకాలంలో నీరు ఎర్రమట్టి రంగులో ఉరుముతుంది. శీతకాలంలో సన్నబడి పాయలుగా విడిపోతుంది. ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఈ నది చివరకు గోదావరిలో కలుస్తుంది. మీలో కోనసీమవారు ఎవరైనా ఉంటే, మీ ఊరి కాలువకు వచ్చే నీటిలో కొంత ఇదేనని గ్రహించండి. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ చూడదలచినవారు వర్షాకాలంలో వెళ్ళవద్దు. అప్పుడు దానిని మూసివేస్తారు. లోపలి చీకటి నీటిలో చూపు లేని చేపలు ఉన్నాయి.

తెలుగువారు ప్రత్యేకించి చూడవలసినవి బార్సూర్, దంతెవాడ. నాగవంశపు రాజుల కాలంలో బార్సూర్ వెలుగొందింది. అక్కడ దొరికిన పదకొండవ శతాబ్దపు శాసనం తెలుగులో ఉంది. చంద్రాదిత్యుడనే తెలుగు చోడ సామంతుడు గుడి కట్టించి చెరువు తవ్వించిన సంగతి అది చెబుతుంది. నన్నయ భారతం వెలసిన శతాబ్దంలోనే ఇంద్రావతి ఒడ్డున తెలుగు రాతిపైకి ఎక్కిందన్నమాట. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు సంప్రదాయం. 1703 నాటి దంతెవాడ శాసనం కూడా ఆ వంశక్రమాన్ని కాకతీయులతో కలుపుతుంది. వెనుదిరిగి చూడనంతవరకు వెంట వస్తానన్న దంతేశ్వరీ దేవి, శంఖినీ డంకినీ నదుల సంగమంలో ఇసుకలో అందె చప్పుడు ఆగగానే రాజు వెనక్కి తిరిగినందున అక్కడే నిలిచిపోయిందని కథ. ఆ గుడిలోకి పురుషులు ప్యాంటుతో ప్రవేశించరాదు. సంచిలో పంచె పెట్టుకు వెళ్ళండి.

భద్రత మాట కూడా చెప్పాలి. దశాబ్దాల సాయుధ సంఘర్షణ ఈ నేలను ఎంతో బాధించింది. 2005 తరువాత వేలాది ఆదివాసీ కుటుంబాలు ఇళ్ళు విడిచి సరిహద్దు దాటి, నాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకున్నాయి. మన ఊళ్ళలో వారిని గుత్తికోయలని పిలిచి పరాయివారుగా చూస్తున్న సందర్భాలు అనేకం. అన్నమదేవుని మనవాడని గర్వించే మనం, ఆ రాజ్యపు ప్రజలే మన ఊరి పొలిమేరకు వస్తే దారి చూపలేకపోయాం. గత కొన్ని సంవత్సరాలలో హింస గణనీయంగా తగ్గింది. అయినప్పటికీ ప్రధాన రహదారులు విడిచి లోపలి గ్రామాలకు వెళ్ళేముందు స్థానికులను, అధికారులను విచారించండి. చీకటి పడకముందే బసకు చేరండి.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారినే రానక్కరలేదు. ఆంధ్ర తీరానికి వెళ్ళేవారు కిరండూల్ నుండి విశాఖపట్నం వెళ్ళే ప్యాసింజరు రైలులో పగటిపూట ప్రయాణించండి. బైలాడీలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960 దశకంలో నిర్మించిన మార్గం అది. కోరాపుట్, అరకు కొండల మీదుగా దిగుతుంది. తెలంగాణ వెళ్ళేవారు సుక్మా, కోంటా, చింతూరుల మీదుగా భద్రాచలం చేరవచ్చు. ఆ దారిలో ఎక్కడ హిందీ ఆగి ఎక్కడ తెలుగు మొదలవుతుందో గుర్తించడానికి ప్రయత్నించండి. నేను ఇంతవరకు గుర్తించలేకపోయాను.

వీలుంటే దసరాకు వెళ్ళండి. జగదల్‌పూర్ దసరా డెబ్బది ఐదు రోజుల ఉత్సవం. శ్రావణ మాసపు హరేలీ అమావాస్యనాడు రథానికి కావలసిన దుంగ పూజతో ఆరంభమవుతుంది. రావణుని బొమ్మ తగులబెట్టరు. పండుగ దంతేశ్వరిది. ముళ్ళ పాన్పు మీద కూర్చున్న ఒక చిన్న బాలిక అనుమతి ఇస్తేనే నవరాత్రులు మొదలవుతాయి. కొయ్య తేవడం, రథం చెక్కడం, మోకులు పేనడం, లాగడం, ఒక్కొక్క పని ఒక్కొక్క ఊరివారికి, తెగవారికి వంశపారంపర్య హక్కు. విజయదశమి రాత్రి రథాన్ని అడవిలోకి ‘దొంగిలించి’ తీసుకుపోతారు. మర్నాడు రాజవంశీకుడు అక్కడికి వెళ్ళి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని గాని రథాన్ని వెనక్కి తేలేడు. అందరూ రథోత్సవం కాగానే వెళ్ళిపోతారు. మీరు ఆగి మురియా దర్బారు చూడండి. ఊరి పెద్దలు తమ ఇబ్బందులను ఒకప్పుడు రాజు ముందు, ఇప్పుడు మంత్రులు, అధికారుల ముందు నిలబడి చెప్పుకొనే సభ అది. ఆ రోజుల్లో జగదల్‌పూర్‌లో గది దొరకడం కష్టం. కనుక రెండు మాసాల ముందే ఏర్పాటు చేసుకోండి.