విడాకుల తర్వాత నివాస హక్కు: అమెరికాలో విదేశీ జీవిత భాగస్వామి స్థితి

అమెరికాలో విడాకులు ఇచ్చేది రాష్ట్ర న్యాయస్థానం. దేశంలో ఎవరు ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో తేల్చేది ఫెడరల్ ప్రభుత్వం. ఆస్తి పంచి, భరణం నిర్ణయించి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే జడ్జికి ఒక్క రోజు వీసా పొడిగించే అధికారం కూడా లేదు. వీసా చూసే అధికారికి కాపురం ఎందుకు చెడిందన్న ప్రశ్న చాలా సందర్భాల్లో అక్కరలేదు. ఈ రెండు వ్యవస్థల నడుమ నలిగేది భర్త వీసా మీద వచ్చిన భార్య. కొన్ని ఇళ్లలో భార్య వీసా మీద వచ్చిన భర్త. డిక్రీ వచ్చిన రోజున చేతిలో ఏ కాగితం ఉన్నదన్నదే తర్వాతి హక్కులను నిర్ణయిస్తుంది. కాపురం ఎన్నేళ్లు సాగింది, తప్పు ఎవరిది అన్నవి ఆ తర్వాతి మాటలు.

అన్నిటికంటే బలహీనమైన కాగితం హెచ్-4. తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. హెచ్-1బీ మీద ఉద్యోగం చేసే వ్యక్తి భార్య లేదా భర్త అయినందువల్లే ఈ హోదా వస్తుంది; ఆ బంధం చట్టప్రకారం తెగిన రోజునే పోతుంది. విడివిడిగా ఉంటున్నంత మాత్రాన, కేసు వేసినంత మాత్రాన పోదు. డిక్రీ ఖరారయ్యేదాకా, హెచ్-1బీ సక్రమంగా ఉన్నంతకాలం హెచ్-4 కూడా నిలుస్తుంది. భర్త ‘వీసా రద్దు చేయిస్తా’నని బెదిరిస్తే భయపడే వాళ్లు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి. డిక్రీ ఖరారైన తర్వాత మాత్రం వెసులుబాటు లేదు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ ఉద్యోగికీ అతని కుటుంబానికీ 60 రోజుల దాకా గడువు ఇచ్చే నిబంధన 2017 నుంచి ఉంది. పెళ్లి పోయిన వ్యక్తికి అలాంటి గడువు ఇచ్చే నిబంధన లేదు. దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 పత్రం మీద ఇంకా ఏడాదో రెండేళ్లో కనబడుతుంది కాబట్టి పర్వాలేదని చాలామంది పొరబడతారు. ఆ తేదీ ఉన్నా, డిక్రీతో హోదా పోయినట్టే. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు దొరుకుతున్న పని అనుమతి కార్డు, అదే ఈఏడీ, కూడా ఆ హోదా మీద ఆధారపడినదే. ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేసి, పన్నులు కట్టి, ఇంటి అప్పులో సగం భరించిన మనిషి అయినా ఆ తేదీ తర్వాత పనికి వెళ్లడానికి వీలుండదు.

గ్రీన్‌కార్డు వరుస ఈ కష్టాన్ని ఏళ్ల తరబడి సాగదీస్తుంది. ఒక దేశంలో పుట్టినవారికి ఏటా 7 శాతానికి మించి ఉపాధి, కుటుంబ వీసాలు దక్కవన్న పరిమితి వల్ల భారతీయుల వరుస దశాబ్దాలకు పెరిగింది. 2025లో ఈబీ-2 అనే ఉపాధి వర్గం వరుస 2013 దగ్గరే నడిచింది. దరఖాస్తు భర్త పేరున ఉంటుంది, భార్య అందులో ఆధారపడిన వ్యక్తి. కార్డు చేతికి వచ్చాక విడిపోతే ఆమె కార్డుకు ఏమీ కాదు, ఉపాధి ద్వారా వచ్చే కార్డుకు రెండేళ్ల షరతు కూడా లేదు. ఒక్క నెల ముందు విడిపోతే పన్నెండేళ్ల నిరీక్షణ ఆమె వరకు సున్నా. తేడా అంతా తేదీల్లోనే ఉంది. కార్డు వచ్చేదాకా ఓర్చుకొమ్మని కన్నవాళ్లు చెప్పేది ఇందుకే. ఆ ఓర్పు కొందరు ఆడవాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది కూడా.

హెచ్-4లో ఉన్నవారికి మిగిలే దారులన్నీ డిక్రీకి ముందే మొదలుపెట్టవలసినవి. చదువుకోవాలంటే ఎఫ్-1కు, సర్దుకోవడానికి కొంత సమయం కావాలంటే బీ-2కు హోదా మార్చమని ఐ-539 దరఖాస్తు చేయవచ్చు; బీ-2లో పని చేయడానికి వీల్లేదు. సొంతంగా హెచ్-1బీ తెచ్చుకోవచ్చు. హెచ్-4లో గడిపిన కాలం హెచ్-1బీ ఆరేళ్ల లెక్కలోకి రాదు, అది కొంత మేలు. అయితే ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 మాత్రమే. లాటరీ మార్చిలో, పని మొదలయ్యేది అక్టోబరు 1న. ఆమెకు ఎంత సమయం దొరుకుతుందన్నది కాపురం ఉన్న రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో కేసు వేసిన 60 రోజులకు డిక్రీ ఇవ్వవచ్చు. కాలిఫోర్నియాలో అవతలివారికి నోటీసు అందాక కనీసం 6 నెలలు ఆగాలి. డాలస్‌లో కాపురం ఉన్న హెచ్-4 భార్యకూ ఫ్రీమాంట్‌లో ఉన్న హెచ్-4 భార్యకూ ఫెడరల్ చట్టం ఒకటే అయినా, ఊపిరి తీసుకునే వ్యవధి ఒకటి కాదు.

అమెరికా పౌరుణ్ణి గానీ, గ్రీన్‌కార్డు ఉన్న వ్యక్తిని గానీ పెళ్లాడి ఆ పెళ్లి ద్వారా నివాసం పొందినవారి స్థితి ఇంతకంటే మెరుగు. 1986 నాటి చట్టం దొంగపెళ్లిళ్లను అరికట్టడానికి రెండేళ్ల షరతును తెచ్చింది. కార్డు మంజూరయ్యే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది షరతుల కార్డు; పౌరుల జీవిత భాగస్వాముల కార్డు మీద సీఆర్ అన్న అక్షరాలు ఉంటాయి. గడువు తీరే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. మొదటి నాలుగేళ్లు ఈ చట్టం చాలా కర్కశంగా నడిచింది. విడాకుల కారణంగా మినహాయింపు కావాలంటే, తగిన కారణంతో తానే పెళ్లి రద్దు చేయించుకున్నానని చూపాల్సి వచ్చేది. భర్త ముందుగా కేసు వేస్తే ఆమె దారి మూసుకుపోయేది. 1990లో ఆ నిబంధన తీసేశారు, హింసకు గురైనవారికి వేరే మినహాయింపు చేర్చారు.

ఇప్పుడు విడాకులు తీసుకున్న వ్యక్తి ఒంటరిగానే ఐ-751 వేయవచ్చు, 90 రోజుల వ్యవధి కోసం ఆగనక్కరలేదు. పెళ్లి ఎందుకు చెడిందో అధికారులు తూచరు. పెళ్లి చేసుకున్న రోజున మనసు నిజాయితీగా ఉందా అన్నదే చూస్తారు. దానికి సాక్ష్యం రోజువారీ కాగితాలు: ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, ఉమ్మడి పన్ను రిటర్ను, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్ పత్రంలో నామినీ పేరు, పిల్లల జనన ధ్రువపత్రం. పెళ్లి ఆల్బమ్ ఒక్కటే ఉంటే బలం చాలదు. చేతిలో ఫోను తప్ప ఏమీ లేకుండా ఇల్లు వదిలిన స్త్రీకి ఈ కాగితాలు కూడగట్టడమే పెద్ద యుద్ధం. ఖాతాలన్నీ భర్త పేరునే ఉంటే చెప్పనక్కరలేదు. అందుకే గొడవలు ముదరకముందే ప్రతి కాగితానికీ ఒక నకలు తన ఈమెయిల్లో పెట్టుకోవడం మంచిది.

షరతులు లేని కార్డు ఉంటే విడాకుల వల్ల నివాసానికి భంగం లేదు. పౌరసత్వం మాత్రం ఆలస్యమవుతుంది. పౌరుడి భార్యగా కాపురంలో ఉంటే 3 ఏళ్లకు దరఖాస్తు చేయవచ్చు, విడిపోతే అందరిలా 5 ఏళ్లు ఆగాలి. ఇక చాలామందికి తెలియనిది ఐ-864. స్పాన్సర్ చేసిన భర్త సంతకం పెట్టే ఈ పత్రం ప్రకారం, ఆమె ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గకుండా చూసే బాధ్యత అతనిది. విడాకులతో అది తీరదు. ఆమె పౌరురాలయ్యేదాకా, 40 త్రైమాసికాల పని లెక్కలోకి వచ్చేదాకా, దేశం వదిలి వెళ్లేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకా ఉంటుంది. న్యాయస్థానాలు దీన్ని అమలు చేశాయి.

హింస ఉన్నచోట చట్టం కొంత కళ్లు తెరిచింది, కానీ అందరి వైపూ చూడలేదు. 1994 చట్టం పౌరుల, గ్రీన్‌కార్డుదారుల చేత హింసకు గురైన భార్య గానీ భర్త గానీ వారి సంతకం లేకుండా గ్రీన్‌కార్డు కోసం తామే ఐ-360 దరఖాస్తు వేసుకునే వీలిచ్చింది. హింసకు సంబంధించిన విడాకులైతే ఆ తర్వాత రెండేళ్లలోపు కూడా వేయవచ్చు. కొట్టినవాడు హెచ్-1బీలో ఉంటే ఈ దారి లేదు. హెచ్ వర్గంవారికి 2005 నాటి సవరణ పని అనుమతి ఇచ్చింది, నివాస హోదా ఇవ్వలేదు. ఎల్-2, ఎఫ్-2 లాంటి ఇతర ఆధారిత వీసాల వారికి అదీ లేదు. నేర బాధితుల కోసం 2000లో వచ్చిన యూ వీసా ఎవరి భార్యకైనా వర్తిస్తుంది గానీ పోలీసులో ప్రాసిక్యూటరో ధ్రువీకరించాలి, ఏడాదికి 10,000కు మించి ఇవ్వరు. ‘నలుగురిలో పరువు’ అని పోలీసులకు ఫోను చేయనివ్వని బంధువులు ఈ ఒక్క దారినీ మూస్తున్నారు.

పిల్లల విషయం మరీ చిక్కుగా ఉంటుంది. అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు, కాని ఆ బిడ్డ తల్లిని స్పాన్సర్ చేయడానికి 21 ఏళ్లు నిండాలి. తల్లి భారత్‌కు తిరిగి రావలసి వస్తే బిడ్డను వెంట తేవడానికి తండ్రి ఒప్పుకోవాలి, లేదా జడ్జి అనుమతించాలి. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి, వెళ్లిన బిడ్డ తిరిగి రాదేమోనన్న వాదన ఆ కోర్టుల్లో గట్టిగా వినిపిస్తుంది.

విడాకుల కాగితం విలువ రెండు దేశాల్లోనూ ఒకటి కాదు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త మిస్సోరీ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నాడు. 1991 జూలైలో భారత సుప్రీంకోర్టు అది ఇక్కడ చెల్లదన్నది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారాన్ని అంగీకరించకుండా ఇచ్చిన డిక్రీకి గుర్తింపు లేదని సూత్రం చెప్పింది. ఆ తీర్పు తెలుగు ఆడపిల్లలకు పెద్ద అండ. కానీ భారత్‌లో ఆమె భార్యగా మిగిలినా, అక్కడి డిక్రీ అక్కడి చట్టప్రకారం చెల్లితే హెచ్-4 తిరిగి రాదు. సెలవులని చెప్పి భార్యను పుట్టింట్లో వదిలి, పాస్‌పోర్టు పట్టుకుపోయి, అక్కడ కేసు వేసే భర్తలకు ఈ లొసుగు బాగా తెలుసు.

చట్టం ఇలాగే ఉండాలనేమీ లేదు. జర్మనీలో కలిసి మూడేళ్లు కాపురం చేసిన విదేశీ జీవిత భాగస్వామికి స్వతంత్ర నివాస హక్కు వస్తుంది. ఐరోపా సమాఖ్య 2004 ఆదేశం ప్రకారం, పెళ్లి మూడేళ్లు సాగి అందులో ఏడాది ఆతిథ్య దేశంలో గడిస్తే, పౌరుల జీవిత భాగస్వామికి విడాకుల తర్వాతా ఉండే హక్కు మిగులుతుంది. అమెరికా హెచ్-4కు కనీసం ఏడాది గడువు ఇవ్వడం, పన్నెండేళ్ల నిరీక్షణలో భార్య వాటాను భార్యకే నిలపడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని తెలుగు సంఘాలు తమ మహాసభల్లో ఈ కోరికను ముందుంచాలి. చట్టం మారేదాకా, డిక్రీ మీద సంతకం పెట్టకముందే విడాకుల లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరునూ విడిగా కలవాలి.