ఒంటరిగా బతికిన ఊరు లేదు
(బత్తలపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



పిల్లలకు చదువు చెప్పిన మన అయ్యవారి పేరిట మాట్లాడమని మీరు పిలిచినప్పుడు చదువు మీదో, పల్లె బడుల మీదో చెబుతానని అనుకొని ఉంటారు. నేను ఒక నవల గురించి చెబుతాను. పేరు ‘అరోరా’. రాసినది అమెరికా రచయిత కిమ్ స్టాన్లీ రాబిన్సన్. 2015లో వచ్చింది. మనుషులు భూమిని వదిలి ఇంకో నక్షత్రం దగ్గర కాపురం పెట్టబోయిన కథ. శెనక్కాయ చేల మధ్య కూర్చొని నక్షత్రాల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అయ్యవారికి మాత్రం అనిపించేది కాదు. ఏ కథ చదివి వచ్చినా ఆయన పిల్లల్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే: “అందులో వాళ్లు ఏం తింటార్రా?” రాజుల కథైనా, దయ్యాల కథైనా అదే ప్రశ్న. ‘అరోరా’ నాలుగు వందల పైచిలుకు పేజీల్లో ఆ ప్రశ్నకే జవాబు చెబుతుంది. అందుకే ఈ పూటకు దాన్ని ఎంచుకున్నాను.

ముందు కథ క్లుప్తంగా చెబుతాను. 2545లో ఒక ఓడ సౌరకుటుంబం నుంచి బయలుదేరింది. గమ్యం టౌ సెటి అనే నక్షత్రం. మనకు సుమారు 12 కాంతి సంవత్సరాల దూరం. కాంతి వేగంలో పదో వంతు వేగం అందుకున్నా, వేగం పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ పట్టే కాలం కలుపుకుంటే చేరడానికి నూట అరవై ఏళ్ల దాకా పడుతుంది. ఎక్కినవాళ్లు దిగరు. దిగేవాళ్లెవరూ ఎక్కినవాళ్లు కారు. ఓడలో దాదాపు 2,000 మంది జనం. రెండు పెద్ద చక్రాలు, వాటిలో మొత్తం 24 నివాసాలు. ఒకదాంట్లో గడ్డి మైదానం, ఒకదాంట్లో వాన అడవి, ఇంకోదాంట్లో మంచు. పశువులు, పంటలు, చెరువులు అన్నీ ఉన్నాయి. దేవి అనే ఆవిడ ఆ ఓడను బాగుచేస్తూ నిలబెడుతూ బతుకంతా గడుపుతుంది. గమ్యం కనబడే వేళకు జబ్బుచేసి పోతుంది. ఆమె కూతురు ఫ్రేయా తక్కిన కథను మోస్తుంది. ఇదంతా మనకు చెప్పేది ఓడను నడిపే కంప్యూటరు. ‘మన ప్రయాణం కథగా రాయి’ అని దేవి దానికి పని అప్పగించింది. కథ అంటే ఏమిటో తెలియని యంత్రం రాస్తూ రాస్తూ కథ చెప్పడం నేర్చుకుంటుంది. ఈ మధ్య వచ్చిన నవలల్లో ఇంత గొప్ప కథకుణ్ణి నేను చూడలేదు.

దేవి పడే దిగులు చూస్తే మనవైపు రైతుకు వెంటనే అర్థమవుతుంది. ఓడలో భాస్వరం తక్కువ పడుతోంది. బయటికి పోవడానికి దారే లేదు, అంతా మూసిన ఓడ. అయినా లెక్క తగ్గుతోంది. అది లోహాలతో, లవణాలతో కలిసి గోడలకూ మట్టికీ పట్టేసి మొక్కకు అందకుండా పోతోంది. నత్రజనిని గాలి నుంచి తీయవచ్చు. భాస్వరానికి అలాంటి దారి లేదు, దానికి బదులుగా వాడదగినదీ లేదు. మన ఒంట్లో ఒక్కొక్కరికి 700 గ్రాముల దాకా ఉంటుంది, ఎక్కువ భాగం ఎముకల్లోనే. అది లేకపోతే గింజ లేదు, ఎముక లేదు, కణం లేదు. ఆ పేజీలు చదువుతుంటే నా కళ్ల ముందు ఓడ కాదు, మన ఎర్ర నేలలే మెదిలాయి.

మన శెనక్కాయ చేను తీసుకోండి. జూన్, జూలైలో పదును వాన పడితే విత్తుతారు. కదిరి పరిశోధనా స్థానం ఇచ్చిన కదిరి 6 గానీ, కదిరి లేపాక్షి గానీ. విత్తే ముందు ఎకరాకు రెండు బస్తాల సూపర్ ఫాస్ఫేటు. పూత వచ్చాక పువ్వు వాడిపోయి, దాని కింద నుంచి ఊడ బయలుదేరి నేల వైపు వంగుతుంది. సూది మొనలాంటి ఆ ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. నేల గట్టిపడి ఉంటే మొన దిగదు, పైనే ఎండిపోతుంది. దిగినాక కాయ తనకు కావలసిన సున్నాన్ని వేరు ద్వారా కాదు, చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా లాక్కుంటుంది. అందుకే ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. అది వేయకపోతే కాయ తాలు పోతుంది. ఇదంతా మీకు తెలిసినదే. తెలియనిది ఏమన్నా ఉంటే, ఆ సూపర్ ఫాస్ఫేటు ఎక్కడిదన్న సంగతి. మన దేశానికి కావలసిన ఫాస్ఫేటు రాయిలో ఎక్కువ భాగం మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. పొటాష్ దాదాపు అంతా దిగుమతే. వాన కోసం ఆకాశం వైపు చూసే బత్తలపల్లి చేను, గింజ కట్టడానికి ఆఫ్రికా ఎడారి గని వైపు కూడా చూస్తోంది. దేవి దగ్గర ఆ గని లేదు. ఆ నవలలోని విషాదమంతా ఆ ఒక్క లేమిలోనే ఉంది.

ఇది రచయిత ఊహ మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో అరిజోనా ఎడారిలో బయోస్ఫియర్ 2 అని అద్దాల భవనం ఒకటి కట్టారు. మూడెకరాలకు పైన. లోపల అడవి, పగడపు దిబ్బలున్న చిన్న సముద్రం, పొలాలు. 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు. రెండేళ్లు బయటి నుంచి ఏమీ తీసుకోకుండా బతకాలన్నది నియమం. ఏడాది దాటేసరికి గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం నుంచి 14.5 శాతానికి పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, నిద్ర పట్టదు. 1993 జనవరిలో బయటి నుంచి ప్రాణవాయువు పంపక తప్పలేదు. ఆ గాలి ఎటు పోయిందో వెతికితే కారణం రెండు చోట్ల దొరికింది. పంట బాగా పండాలని సారవంతమైన మట్టి దండిగా వేశారు. అందులోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువు వదిలాయి. మామూలుగా ఆ వాయువును మొక్కలు తీసుకొని ప్రాణవాయువును తిరిగి ఇవ్వాలి. కానీ కొత్తగా పోసిన సిమెంటు గోడలు దాన్ని మొక్కల కంటే ముందే పీల్చి సున్నపురాయిగా మార్చేశాయి. ఎవరూ లెక్కలో రాయని గోడ మనుషుల ఊపిరి మింగింది. ఇరవై ఏళ్ల తర్వాత రాబిన్సన్ తన ఓడను ఇలాంటి గోడలతోనే కట్టాడు.

మన ఊళ్లు ఎట్లా బతికాయో కూడా ఇక్కడే చెప్పాలి. మన అనంతపురం సీమ అంటే ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. 1876లో మొదలైన ధాత కరువులో ఈ సీమ ఎట్లా ఖాళీ అయిందో చరిత్ర తెలిసినవారికి తెలుసు. ఆ తర్వాత మనం నిలిచామంటే, మన నేల ఒక్కటే మనల్ని నిలబెట్టలేదు. శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు మెట్టు మెట్టు ఎక్కి జీడిపల్లికి, అక్కడి నుంచి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి వచ్చాయి. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు కొళాయి పెట్టింది. ధర్మవరం మగ్గానికి పట్టుదారం కర్ణాటక నుంచి వస్తుంది, చీర దేశమంతా పోతుంది. పంట పోయిన ఏడు బెంగళూరు కూలి డబ్బు ఇంటికి వస్తుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం చేరారు. ఆయన వల్ల ఎక్కడో స్పెయిన్‌లో ఇళ్లల్లో దాచిపెట్టిన డబ్బు ఇక్కడ ఆసుపత్రి అయింది, బడి అయింది. 2009 జూన్‌లో పోయిన ఆ మనిషి సమాధి ఈ బత్తలపల్లిలోనే ఉంది. ప్రపంచంలో ఏ కరువు సీమ కూడా తన కాళ్ల మీద తాను ఒంటరిగా బతకలేదు. బయటి నుంచి దారి ఉంది కాబట్టే బతికింది.

నాకు ‘అరోరా’ నేర్పినది ఇదే. అంతరిక్షంలో మనిషి ఉండలేడని ఆ నవల చెబుతుందని చాలామంది చదువరులు అంటారు. నేను ఒప్పుకోను. ఉండవచ్చు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున, అంటే దాదాపు ఇక్కడి నుంచి హైదరాబాదుకు ఉన్నంత దూరంలో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి ఒక్క రోజు ఖాళీ లేకుండా మనుషులు ఉంటున్నారు. తెలంగాణ మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి ఆరు నెలలు అక్కడే గడిపాడు. చెమటను, మూత్రాన్ని కూడా శుద్ధి చేసి 98 శాతం నీటిని మళ్లీ వాడుకునే స్థితికి 2023లో చేరారు. కానీ తిండి? అది కింద నుంచి ఓడల్లో పోవలసిందే. సరుకు ఓడ అందే దూరం వరకే మనిషి కాపురం. టౌ సెటి ఆ హద్దు దాటిన చోటు. కుజగ్రహం ఆ హద్దు మీద ఉంది. ఇదే రాబిన్సన్ 1990లలో కుజగ్రహాన్ని పచ్చగా చేసే మూడు నవలలు రాశాడు. ఆ తర్వాత 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే విష లవణాన్ని కనిపెట్టింది. ఆశగా రాసిన రచయితే సుమారు ఇరవై ఏళ్లకు ఇలాంటి నవల రాశాడంటే, మధ్యలో ఆయన చదువుకున్నాడని అర్థం. ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను.

ఇక చిన్నపిల్లల మాట. ఓడలో పుట్టినవాళ్లను ఎవరు అడిగారు? నవల గుండెకాయ ఈ ప్రశ్న. మన తెలుగువాళ్లూ ఓడలెక్కి దేశాలు దాటారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికా దర్బన్ చేరింది. మారిషస్‌కు అంతకు ముందే పోయారు. మోసపోయినవాళ్లు, దళారీల మాట నమ్మినవాళ్లు అందులో ఎందరో. అయినా వాళ్లకు అయిదేళ్ల ఒప్పందం ఉండేది, తిరుగు ఓడ అనే మాట కనీసం కాగితం మీద ఉండేది. అక్కడ గాలి పీల్చదగిన గాలి, నేల పండే నేల. ఫ్రేయాకు ఇవేవీ లేవు. గమ్యంలో ఒక చందమామ మీద దిగిన జనానికి అక్కడి బురద నుంచి ఏదో సోకి ఒక్కొక్కరే చనిపోతారు. బతికినవాళ్లు ఓడకు తిరిగి వస్తే, జబ్బు లోపలికి వస్తుందనే భయంతో తోటివాళ్లే వాళ్లను తలుపు దగ్గర చంపేస్తారు. 2020 మార్చిలో కరోనా భయంతో ఊరి పొలిమేరల్లో రోడ్డుకు ముళ్లకంప అడ్డం వేసిన రోజులు చూసినవాళ్లం మనం. ఆ అధ్యాయాన్ని తీర్పు చెప్పేవాడిలా చదవలేకపోయాను.

తర్వాత జనం రెండుగా చీలుతారు. కొందరు అక్కడే ఇంకో చోట ప్రయత్నిద్దాం అంటారు. కొందరు వెనక్కి, ఎన్నడూ చూడని భూమికి పోదాం అంటారు. ఓడ కూడా రెండు ముక్కలవుతుంది. తిరుగుదారిలో పంటలు చచ్చి కరువు వస్తుంది, జనం ఏళ్ల తరబడి శీతనిద్రలోకి పోతారు. సౌరకుటుంబం చేరాక ఓడ ఏళ్ల తరబడి సూర్యుడి చుట్టూ, గ్రహాల చుట్టూ తిరిగి వేగం తగ్గించుకొని, మిగిలిన కొద్ది వందల మందిని భూమికి దింపి, తాను సూర్యుడి దగ్గర ధ్వంసమవుతుంది. భూమి మీద ఒక సభలో ఒక పెద్దమనిషి, ఎగిరే విత్తనాల్లో కొన్ని పోవడం మామూలే, ఇంకా ఓడలు పంపుదాం అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఫ్రేయా లేచి వెళ్లి అతన్ని కొడుతుంది. పుస్తకం మూసి కాసేపు లేచి తిరిగాను. విత్తనమని పిలిపించుకున్నవాళ్ల తరఫున ఎవరో ఒకరు చెయ్యెత్తాలి కదా.

ఇక నా ఫిర్యాదు. కథ అంతా తిరిగొచ్చేవాళ్ల వెంటే వచ్చేస్తుంది. అక్కడ ఉండిపోయినవాళ్లు ఏమయ్యారు? రచయిత వాళ్లను దాదాపు వదిలేశాడు. చివరి భాగంలో సముద్రపు ఒడ్డు, ఇసుక, అలల వర్ణన పుటలకు పుటలు సాగుతుంది. బాగుంది, కాదనను. కానీ ఉండిపోయిన ఆ జనం గురించి ఒక్క అధ్యాయమైనా ఉండవలసింది. భాస్వరం లేదని తెలిసీ, సరుకు ఓడ రాదని తెలిసీ విత్తిన మనుషులు వాళ్లు. వాన రాదని వాతావరణ శాఖ చెప్పినా విత్తనం కొన్న ఇళ్లు మన మండలంలో ప్రతి ఏడూ ఉంటాయి. వాళ్లను మూర్ఖులని నేను అనలేను, రాబిన్సన్ కూడా అనలేదు. కానీ వాళ్లను చూపించకపోవడంతో నవల తీర్పు ముందే రాసుకున్నట్టు అనిపిస్తుంది. వెనక్కి రావడమే తెలివి అని చెప్పాలంటే, రానివాళ్ల తెలివిని కూడా తూచాలి.

ఇక్కడి ఉపాధ్యాయ మిత్రులకు ఒక కోరిక. పై తరగతి పిల్లలకు ఈ నవలలో దేవి భాస్వరం లెక్క వేసే భాగం తెలుగులో చెప్పండి. చెప్పేటప్పుడు ప్రతి పిల్లవాడూ వాళ్ల ఇంటి భూసార పరీక్ష కార్డు తెచ్చుకోవాలి. ఆ కార్డుల పథకం కూడా 2015లోనే మొదలైంది. కార్డులో భాస్వరం గడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఆ తర్వాత ఉండిపోయినవాళ్ల అధ్యాయం వాళ్లనే రాయమనండి. ఏం పండించారో, ఏం తిన్నారో మొదటి పేరాలోనే ఉండాలి.