గోడ అలమరలో ఉగ్రాణము



మన పాత ఇండ్లలో వంటయింటి ప్రక్కనే ఉగ్రాణపు గది యొకటి ఉండెడిది. బియ్యము, పప్పులు, ఊరగాయ జాడీలు, పండుగలకు తీయు పెద్ద గిన్నెలు అన్నియు అందులోనే. నేటి పట్టణపు ఫ్లాటులలో ఆ గదికి చోటు లేదు. కాని వంటయింటి ప్రక్క నడవలో, గోడలోనికి కట్టిన తలుపుల అలమర యొకటి చాల ఇండ్లలో కలదు. పాత పరుపులు, తిరుగని పంకా, ఏండ్ల తరబడి విప్పని అట్టపెట్టెలు దానిని ఆక్రమించి యుండును. దానినే ఉగ్రాణముగా మార్చుకొనుట ఎట్లో నేడు ముచ్చటింతము.

మొదట ఒక సంగతి గుర్తింపవలెను. వంట సామగ్రి చోటు చాలక చెడుట అరుదు. మరుగుపడి చెడుటయే తరచు. వెనుక డబ్బాలో మినపపప్పు ఉన్నదని మరచి మరల కొందుము. పురుగుపట్టిన పిదప పాతది బయటపడును. కావున అలమరలో ఎంత పట్టునో చూచుటకు ముందు, ఎంత కనబడునో చూడవలెను.

బట్టలకై కట్టిన అలమర లోతు రెండడుగులున్నదనుకొందము. ఆరంగుళముల డబ్బాలు అందులో నాలుగు వరుసలు నిలుచును. కంటికి అగుపించునది మొదటి వరుస మాత్రమే. అందువలన క్రొత్త అరల లోతు ఒక అడుగునకు మించరాదు. వెనుక వరుస క్రింద మూడంగుళముల మెట్టు వేసినచో రెండు వరుసలును కనబడును. ముందు మిగిలిన చోటులో, తలుపు లోపలివైపున నాలుగంగుళముల సన్నని అరలు బిగించినయెడల ఆవాలు, జీలకర్ర, మసాలా సీసాలు ఇముడును. వడ్రంగిని పిలుచుటకు ముందే డబ్బాల ఎత్తు కొలిచి, చేయి దూరుటకు రెండంగుళములు కలిపి, ఏ అరకు ఎంత ఎత్తో నిర్ణయించుకొనవలెను.

నిత్యము వాడునవి నడుమునకును భుజమునకును మధ్య ఉండవలెను. ఏడాదికొకమారు తీయు తేలిక పాత్రలు పైన, బరువైనవి క్రింద. బియ్యపు బస్తాను నేలమీద గాక నాలుగంగుళముల పీటమీద, గోడకు తగులకుండ నిలుపవలెను.

1926లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున, క్రొత్తగా కట్టు చిన్న ఇండ్లకై మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ అను స్త్రీ వాస్తుశిల్పి ఒక వంటగదిని రూపొందించినది. సుమారు పదివేల ఇండ్లలో అది అమర్చబడినది. బియ్యము, చక్కెర వంటి వస్తువులకు పేర్లు వ్రాసిన అల్యూమినియపు సొరుగులు అందులో వరుసగా ఉండెడివి. పిడి పట్టి లాగి, సొరుగు మూతినుండి నేరుగా గిన్నెలోనికి వంచుకొనవచ్చును. పిండికి మాత్రము, పురుగు చేరకుండుటకై, ఓకు కొయ్య సొరుగు.

ఇక తడి సంగతి. అలమర వెనుకగోడకు ఆవల స్నానపు గది ఉన్నచో జాగ్రత్త అవసరము. ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగంచుల అంటించి రెండుదినములుంచుడు. లోపల చెమ్మ పేరినచో, గోడ బాగుచేయించువరకు అందులో ధాన్యము పెట్టరాదు. తడి తగిలిన వేరుసెనగ, ఎండుమిర్చి, మొక్కజొన్నలలో పెరుగు కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున వేరుసెనగ పిండి కలిసిన మేత తిని సుమారు లక్ష టర్కీకోళ్లు చనిపోయినవి. ఆ పరిశోధనలోనే ఈ విషము బయటపడినది. ఇది కాలేయమును చెరచును; వేయించినను ఉడికించినను పూర్తిగా పోదు. బూజుపట్టిన గింజలను ఏరి వాడుకొనుట పొదుపు కానేరదు. తలుపులకు పైనను క్రిందను గాలి ఆడు చువ్వలు పెట్టించుట మేలు.

గ్యాసు సిలిండరును ఇందులో ఉంచరాదు. ఆ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో మూసిన చోట నేలనంటి నిలిచి ప్రమాదము తెచ్చును. ఫినాయిలు, పురుగుమందులు కూడ వేరొకచోట నుండవలెను.

చివరిగా, ప్రతి డబ్బాపై పేరును, కొన్న తేదీని వ్రాయుడు. క్రొత్తది వెనుకకు, పాతది ముందుకు జరుపుడు. చాల ఇండ్లలో ఏది ఎక్కడున్నదో ఇల్లాలి జ్ఞాపకమునకే తెలియును. ఆమె జ్వరపడి పడుకొన్ననాడు ఉప్పుడబ్బా వెదకుటకును ఆమెనే లేపుదురు. అరలు కనబడునట్లుండి, పేర్లు చదువనగునట్లున్నచో భర్తయు, పిల్లలును, వచ్చిన చుట్టమును తమంతట తామే పొయ్యి వెలిగించి ఇంత వండగలరు. అలమరకు పెట్టిన ఖర్చు ఆ ఒక్కనాటితోనే తీరును.